మురుగు కాకముందే పట్టుకోవాలి

కౌండిన్య నది చిత్తూరు జిల్లా అడవుల్లోంచి దిగి, తమిళనాడులో అడుగుపెట్టాక మోర్దానా జలాశయంలో ఆగి, గుడియాత్తం ఊరి మధ్యగా పోయి పాలారులో కలుస్తుంది. ఆ పాలారు ఒడ్డునే వేలూరు ఉంది. మన పెద్దల నోట అది రాయవేలూరు. కొండలు ఇటు, ఊళ్లు అటు, నీళ్లు మాత్రం రెండు రాష్ట్రాలవీ. గుడియాత్తం లుంగీలకూ అగ్గిపెట్టెలకూ పేరుపడిన ఊరు. దానికి దగ్గర్లోని పేర్ణంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, ఇంకా దిగువన రాణిపేట తోళ్ల ఊళ్లు. పరిశ్రమల మురుగుకు ఇంత మూల్యం చెల్లించిన ప్రాంతాలు దేశంలో తక్కువ. అందుకే వ్యర్థజలాల గురించి ఎవరు కొత్త మాట చెప్పినా దాన్ని ముందు ఈ ఊళ్ల అనుభవంతో సరిచూడాలి.

ఇప్పుడు పరిశోధన పత్రికల్లోనూ సదస్సుల్లోనూ వినిపిస్తున్న మాట ఇది: ఆహార పరిశ్రమలు వదిలే నీటిని బ్యాక్టీరియాకు మేపితే గ్యాసు, ప్లాస్టిక్, తోలు లాంటి పొర, జిగురు, పశువుల దాణా తయారవుతాయి. మాట అబద్ధం కాదు. అయితే అందులో ఏది ఫ్యాక్టరీలో నిలబడింది, ఏది ప్రయోగశాల గడప దాటలేదు, వేలూరు, గుడియాత్తం, చిత్తూరు ప్రాంతానికి ఏది సరిపడుతుంది అన్నవి విడివిడిగా చూడాల్సిన సంగతులు.

ముందు పాలారు సంగతి. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలి, నష్టం పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలి అన్న రెండు సూత్రాలు ఈ దేశపు చట్టంలో భాగమని ఆ తీర్పు స్పష్టం చేసింది. తోళ్ల పరిశ్రమలున్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని వేలూరులోని వ్యవసాయ పరిశోధన కేంద్రం తేల్చిన లెక్క అందులో ఉంది. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా పడింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అయినా 2025 జనవరిలో అదే పాలారు, అదే కాలుష్యం, అదే నష్టపరిహారం గురించి సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నా మాట ముగియలేదు.

ఎందుకు ముగియలేదన్నదే మన విషయానికి ముఖ్యం. తోళ్ల నీటిలో ఉప్పు ఉంటుంది, క్రోమియం ఉంటుంది. బ్యాక్టీరియా మాంసపు తునకను తింటుంది, కొవ్వును తింటుంది, ఉప్పును మాత్రం తినదు. క్రోమియాన్ని కొన్ని రకాలు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చగలవు కాని మాయం చేయలేవు. అన్నీ ఒకే కాలువలో కలిపేశాక ఆ నీటిలోంచి మంచిని వేరు చేయడానికి అయ్యే ఖర్చు, మొదట్లోనే విడిగా పట్టుకుంటే అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు. క్రోమియం దానంతటది మాయం కాదనడానికి రాణిపేటలో మూతబడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిపోయిన లక్షన్నర టన్నులకు పైబడిన చెత్తగుట్టే సాక్ష్యం.

ఆహార పరిశ్రమ నీరు అలాంటిది కాదు. అందులో ఉన్నది పాలు, పిండి, చక్కెర, గుజ్జు, కొబ్బరి నీళ్లు. విషం కాదు, తిండి. నదికి చేటు జరిగేదీ ఆ తిండి వల్లే. దాన్ని తినే బ్యాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది, చేపలు చచ్చిపోతాయి, నీరు కుళ్లు వాసన కొడుతుంది. ఆ ప్రాణవాయువు అవసరాన్ని కొలిచే లెక్కే బీఓడీ. నదిలోకి వదిలే నీటిలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. పన్నీరు, చీజ్ చేశాక మిగిలే తేటనీటిలో, అంటే పరిశ్రమవాళ్లు ‘వే’ అనేదానిలో, అది 30,000కు పైనే. వెయ్యి లీటర్ల ఆ తేటలో నలభై అయిదు కిలోల పైచిలుకు పాలచక్కెర కరిగి ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని ఎలాగూ తింటుంది. నదిలో తినాలా, మనం కట్టిన ట్యాంకులో తినాలా, తిన్నాక మనకేం మిగలాలి అన్నవే ప్రశ్నలు.

ఈ చుట్టుపక్కల అలాంటి నీటికి కొరత లేదు. వేలూరులో ఆవిన్ సహకార డెయిరీ ఉంది. అమ్ముండిలో సహకార చక్కెర మిల్లు ఉంది. దక్షిణాన ఆరణి ఉప్పుడు బియ్యానికి పేరు. టన్ను వడ్లు నానబెట్టాలంటే దాదాపు టన్ను నీరు కావాలి. ఆ నీరే పులిసి మిల్లుల చుట్టూ వాసన కొడుతుంది. ఉత్తరాన ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో చిత్తూరు. అక్కడి తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కాయల కాలమంతా రాత్రింబవళ్లు నడుస్తాయి. పాలారు, కౌండిన్య ఒడ్డున కొబ్బరి తోటలు ఉండనే ఉన్నాయి. పరిశోధనకూ కొదవలేదు. 1984లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన విఐటీ వేలూరులోనే ఉంది, 2002లో ఏర్పడిన తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం సేర్కాడులో ఉంది.

ఇక ఒక్కో దారి. అన్నిటికన్నా పాతదీ గట్టిదీ బయోగ్యాస్. నెదర్లాండ్స్‌లో గాట్జె లెట్టింగా 1970లలో చక్కెర ఫ్యాక్టరీ నీటిమీద పనిచేసి, కింది నుంచి పైకి నీరు ఎక్కే ట్యాంకును రూపొందించారు. అందులో బ్యాక్టీరియా చిన్న చిన్న గుళికలుగా గడ్డకట్టి అడుగున నిలుస్తుంది, నీరు వాటి మధ్యగా పైకి పోతుంది. గాలి కొట్టే మోటార్లు అక్కర్లేదు, మిగిలే బురద తక్కువ. యూఏఎస్‌బీ అనే ఈ పద్ధతి మన దేశంలో డిస్టిలరీలకూ సగ్గుబియ్యం ఫ్యాక్టరీలకూ చేరి చాలాకాలమైంది. తొలగిన ప్రతి కిలో సీఓడీకి, అంటే నీటిలోని మొత్తం సేంద్రియ భారానికి, 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది.

ఒక లెక్క వేసుకుందాం. రోజుకు లక్ష లీటర్ల పాలు శుద్ధి చేసే డెయిరీ అనుకోండి. లీటరు పాలకు లీటరున్నర నీరు బయటికి వస్తుందని, ఆ నీటిలో లీటరుకు 2 గ్రాముల సీఓడీ ఉందని అనుకుంటే రోజుకు 300 కిలోలు. ట్యాంకు అందులో 80 శాతం తీసేస్తే 84 ఘనపు మీటర్ల మీథేన్. వంటగ్యాసు లెక్కలో అరవై కిలోల పైమాటే, అంటే ఇంట్లో వాడే సిలిండర్లు నాలుగుకు పైనే. బాయిలరు ఖర్చులో ఇది పెద్ద వాటా కాకపోవచ్చు. కాని గాలి కొట్టడానికి కాల్చే కరెంటు మిగలడం, బురద తగ్గడం కూడా కలిపితే లెక్క మారుతుంది. డెయిరీ నీటికి ఉన్న చిక్కు వెన్న. కొవ్వు గుళికలకు అంటుకుంటే అవి తేలిపోయి కొట్టుకుపోతాయి. ట్యాంకుకు ముందే కొవ్వు తీసే ఏర్పాటు ఉండి తీరాలి. ఈ పద్ధతికి ఇంకో గుణం ఉంది, మన మామిడి ప్రాంతం దాన్ని గుర్తుపెట్టుకోవాలి: ఆ గుళికలు నెలల తరబడి మేత లేకపోయినా చావవు. మళ్లీ నీరు రాగానే కొద్ది రోజుల్లో పనిలో పడతాయి.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో డాక్టర్ ఎ. గంగాగ్నిరావు బృందం రూపొందించిన రియాక్టరు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి గ్యాసు తీస్తోంది. ఆ గ్యాసుతో దాదాపు 500 యూనిట్ల కరెంటు వస్తుంది. అది నీరు కాదు, కూరగాయ చెత్త. కాని వేలూరు మార్కెట్ చెత్తా, డెయిరీ నీరూ ఒకే ట్యాంకుకు మేపవచ్చన్న ఆలోచనకు అది చాలినంత ఆధారం. బయోగ్యాస్ విషయంలో నా తీర్పు సూటిగా ఇదే: ఇందులో పరీక్షించాల్సింది ఏమీ మిగల్లేదు. కట్టడమే మిగిలింది.

ప్లాస్టిక్ సంగతి వేరు. ఎక్కువ ఆశ ఇక్కడే ఉంది, ఎక్కువ డబ్బు మునిగిందీ ఇక్కడే. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో మోరిస్ లెమ్వాన్ 1926లో ఒక బ్యాసిల్లస్ లోపల పాలియెస్టర్‌ను గుర్తించారు. మేత దండిగా ఉండి, నత్రజనో భాస్వరమో కరువైనప్పుడు బ్యాక్టీరియా సంఖ్య పెంచుకోలేదు. అప్పుడది మిగులు మేతను, మనం ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీకెత్తినట్టు, గుళికలుగా మార్చి కడుపులో దాచుకుంటుంది. ఆ గుళికలే పీహెచ్‌ఏ అనే ప్లాస్టిక్. నైల్ రెడ్ అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో కణంలో మెరిసే చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి. కుప్రియావిడస్ నెకాటర్ అనే బ్యాక్టీరియా ఎండు బరువులో 80 శాతం దాకా ఇదే కావచ్చు. దీనితో చేసిన సీసా మట్టిలోనూ సముద్రంలోనూ కాలక్రమాన కరిగిపోతుంది.

ఇంత గుణమున్న సరుకు బజారును ఎందుకు గెలవలేదు? బ్రిటన్‌లోని ఐసీఐ ‘బయోపాల్’ పేరుతో తయారుచేస్తే 1990లో జర్మనీలో షాంపూ సీసాలు వచ్చాయి. ఆ వ్యాపారం మోన్‌శాంటో చేతికి పోయింది. వాళ్లు కొన్నేళ్లకే ఆపేశారు. అమెరికాలో మెటబాలిక్స్, ఏడీఎం కలిసి ఏడాదికి 50,000 టన్నుల సామర్థ్యంతో ఫ్యాక్టరీ కడితే 2012లో ఏడీఎం తప్పుకుంది. ఇటలీలోని బయో-ఆన్ 2019లో దివాలా తీసింది. అమెరికాలోనే డానిమర్ అనే కంపెనీ 2025లో దివాలా కోర్టుకు వెళ్లింది. కారణాలు ఒక్కొక్కరివి ఒక్కో రకం, కాని మూడు ఖర్చులు అందరికీ ఉమ్మడి. శుద్ధమైన చక్కెరనో నూనెనో కొని మేపడం ఒకటి. వేరే సూక్ష్మజీవి రాకుండా ట్యాంకంతా ఆవిరితో శుభ్రం చేయడం రెండోది. పెరిగిన బ్యాక్టీరియా కడుపులోంచి ప్లాస్టిక్‌ను బయటికి తీయడం మూడోది. అది తీయడానికి క్లోరోఫామ్ లాంటి ద్రావణాలు వాడితే పర్యావరణం పేరుతో మొదలైన పని మళ్లీ విషంలో ముగుస్తుంది.

వ్యర్థజలం మొదటి రెండు ఖర్చులనూ తగ్గించగలదు. మేత ఊరికే దొరుకుతుంది. ఒకే జాతిని శుభ్రంగా కాపాడే బదులు గుంపును పెంచే ఉపాయం కూడా ఉంది. నీటిని ముందు పులియబెడతారు. చక్కెరలు, పిండి, కొవ్వు విరిగి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలవుతాయి. తర్వాతి ట్యాంకులో గుంపుకు కాసేపు కడుపునిండా మేత పెట్టి, ఆపైన గంటల తరబడి పస్తు ఉంచుతారు. దాచుకోవడం తెలిసిన జాతులే ఆ పస్తును తట్టుకుంటాయి, మిగిలినవి వెనకబడి కొట్టుకుపోతాయి. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతితో పైకి తేలిన జాతికి ప్లాస్టిసిక్యుములన్స్ అని పేరు పెట్టారు. నెదర్లాండ్స్‌లోని వేగెల్‌లో మార్స్ చాక్లెట్ ఫ్యాక్టరీ నీటితో పైలట్ ప్లాంటు నడిపి, బురద ఎండు బరువులో 70 శాతం దాకా ప్లాస్టిక్ సాధించి 2014లో ప్రచురించారు. మూతలేని తొట్టెల్లో, ఎవరి నీటితోనో, అంత శాతం రావడం మాటలు కాదు.

మన హైదరాబాద్ ఇందులో వెనకబడలేదు. ఐఐసీటీలో ఎస్. వెంకటమోహన్ డెయిరీ వ్యర్థజలంతో హైడ్రోజన్ తీయడంపై 2007లోనే పరిశోధన ప్రచురించారు. హైడ్రోజన్ తీశాక మిగిలే ఆమ్లాల నీటిని పారబోయకుండా బ్యాక్టీరియాకు మేపి ప్లాస్టిక్ చేయడం ఆయన బృందం తర్వాతి అడుగు. ఒకే నీటిని వరసగా రెండు మూడు పనులకు వాడుకోవాలన్న ఆ ఆలోచన ఇప్పుడు ఈ రంగమంతటా నడుస్తోంది. 2014లో ఆయనకు భట్నాగర్ పురస్కారం వచ్చింది.

అయినా పై డెయిరీ లెక్కనే మళ్లీ వేస్తే అసలు చిక్కు తెలుస్తుంది. రోజుకు 300 కిలోల సీఓడీలో అన్ని మెట్లలోనూ పోయేది పోగా మూడో వంతుకు కాస్త తక్కువగా ప్లాస్టిక్‌లోకి చేరిందనుకున్నా బరువులో యాభై కిలోలు. ఏడాదికి పద్దెనిమిది టన్నులు. వేల టన్నుల లెక్కన నడిచే ప్లాస్టిక్ వ్యాపారంలో ఈ యాభై కిలోల కోసం ద్రావణాలు, ఆరబెట్టే యంత్రాలు, నాణ్యత పరీక్షలు, కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇవ్వాల్సిన ధ్రువపత్రం, ఇవన్నీ ఒక డెయిరీ మోయలేదు. నాలుగైదు యూనిట్లు బురదను ఎండబెట్టి ఒకచోటికి పంపితే, అక్కడ ప్లాస్టిక్ తీసే కేంద్రం ఒకటే ఉంటే, అప్పుడు మాట్లాడుకోవచ్చు. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి, దేశం 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకుల మీద నిషేధం పెట్టాయి కాబట్టి గిరాకీకి దారి ఉంది. కాని ఒంటరి ఫ్యాక్టరీకి ఈ సలహా ఇచ్చేవారిని నమ్మవద్దనే నేను చెబుతాను.

చిన్న విషయాలు కూడా పెద్ద అడ్డంకులవుతాయి. ఇంత పేరున్న కుప్రియావిడస్ పాలచక్కెరను తినలేదు. దాన్ని ముందు విరగ్గొట్టి పెట్టాలి. మరోవైపు హాలోఫెరాక్స్ మెడిటెర్రేనీ అనే ఉప్పు జీవి (శాస్త్రరీత్యా అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే శాఖ) సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉన్న నీటిలో హాయిగా పెరుగుతుంది. అంత ఉప్పులో వేరే జీవులు చాలావరకు బతకవు కాబట్టి ట్యాంకును ఆవిరి పట్టనక్కర్లేదు. మంచినీటిలో వేస్తే దాని కణం దానంతటదే పగిలిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ తీయడానికి క్లోరోఫామ్‌తోనూ పనిలేదు. కుప్పం వైపు గెర్కిన్ దోసకాయలను ఉప్పునీటిలో ఊరబెట్టి ఎగుమతి చేస్తారు. ఆ ఉప్పునీటికి ఈ జీవి సరిపోతుందేమో చూడటం ఏ విశ్వవిద్యాలయమైనా చేపట్టదగిన పని. ఆ తర్వాత మిగిలే ఉప్పును ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి, లేదంటే మళ్లీ పాలారు కథే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరు ఈ రంగంలో ప్రపంచమంతా తిరుగుతోందని మనలో చాలామందికి తెలియదు. రోడోబాక్టర్ స్ఫిరాయిడిస్ అనే ఊదారంగు బ్యాక్టీరియాలో ఒక రకం పేరు ‘ఓ.యు. 001’. ఆ రెండక్షరాలు ఉస్మానియావే. ఎండ సాయంతో సేంద్రియ ఆమ్లాల నుంచి హైడ్రోజన్ తీయడం దాని విద్య. సి.హెచ్. శశికళ, సి.హెచ్. వెంకటరమణ తదితరులు 1990ల మొదట్లో లాక్టిక్ ఆమ్లం ఫ్యాక్టరీ నీటితో, డిస్టిలరీ నీటితో దీన్ని పరీక్షించారు. తర్వాత టర్కీలో ఇదే రకాన్ని పాల ఫ్యాక్టరీ, చక్కెర శుద్ధి ఫ్యాక్టరీ నీళ్లకు, ఆలివ్ నూనె మిల్లు నీళ్లకు వాడి చూశారు. హైడ్రోజన్ రేటు వ్యాపారానికి చాలదు, వెలుతురు లోతుగా చేరాలంటే ట్యాంకు వెడల్పుగా, పల్చగా ఉండాలి, నీరు నల్లగా ఉంటే ఎండ లోపలికి పోదు. ఈ అడ్డంకులు ఇంకా తీరలేదు. కాని ఈ ఊదా బ్యాక్టీరియా ఒంట్లో మాంసకృత్తులు ఎక్కువ. వేలూరులో ఎండకు లోటు లేదు. చేపల మేతగా దీన్ని పెంచే దారి హైడ్రోజన్ కన్నా ముందు పండుతుందని నాకనిపిస్తుంది.

ఇక ఈ ప్రాంతానికి అన్నిటికన్నా నప్పేది, నా దృష్టిలో, బ్యాక్టీరియా నేసే సెల్యులోజ్. 1886లో ఎ. జె. బ్రౌన్ అనే ఆంగ్ల రసాయనవేత్త వినిగర్ మీద తేలే దళసరి పొర సెల్యులోజేనని గుర్తించారు. పత్తిలో ఉండేదీ అదే పదార్థం. కాకపోతే బ్యాక్టీరియా పోగు పత్తిపోగు కన్నా ఎంతో సన్నం. ఫిలిప్పీన్స్‌లో దీన్ని నాటా డి కోకో పేరుతో తింటారు. సోనీ కంపెనీ 1980ల చివర్లో హెడ్‌ఫోన్ లోపలి పొరకు వాడింది. గాయాలకు కట్టే పట్టీగానూ వాడుతున్నారు.

తయారీ చూస్తే దీని సులువు తెలుస్తుంది. ముదురు కొబ్బరికాయ కొట్టినప్పుడు పారబోసే నీళ్లను వడకట్టి మరగబెడతారు. చక్కెర కొంత, నత్రజని కోసం అమ్మోనియం సల్ఫేట్ కొంత, పులుపు కోసం ఎసిటిక్ ఆమ్లం కొంత కలుపుతారు. చల్లారాక పాత తొట్టెలోని నీటిని తోడు వేసి, వెడల్పాటి ట్రేల్లో రెండు మూడు అంగుళాల లోతున పోసి, పైన కాగితం కప్పి కదపకుండా వదిలేస్తారు. గాలి, నీరు కలిసేచోట పొగమంచు లాంటి పలుచని పొర మొదలవుతుంది. పది రోజులకు అది వేలి మందాన తెల్లని పలకవుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, జారుతూ ఉంటుంది, ఎందుకంటే అందులో 99 శాతం నీరే. క్షారంలో కడిగి, నొక్కి, ఆరబెడితే కాగితం కన్నా గట్టి పొర మిగులుతుంది. కేరళలో మొదలైన ‘మలాయ్’ అనే సంస్థ కొబ్బరి యూనిట్లు పారబోసే నీళ్లతో ఇలాంటి పలకలు పెంచి, అరటినార లాంటి పీచు కలిపి, తోలుకు బదులు సంచులకూ పర్సులకూ వాడే సరుకు చేస్తోంది.

తోళ్ల పనిలో తరతరాల నైపుణ్యం ఉన్న ఆంబూరు, పేర్ణంబట్టు పక్కన ఈ మాటకు ప్రత్యేకమైన బరువుంది. కొయ్యడం, కుట్టడం, రంగు, మెరుపు, ఎగుమతి అన్నీ తెలిసిన చేతులు అక్కడున్నాయి. క్రోమియం లేని పలక వాళ్ల చేతికి అందితే ఏం చేస్తారో చూడాలని నాకు గట్టిగా ఉంది. బూట్ల తోలుకు ఇది ప్రత్యామ్నాయం కాదు. నీటికి ఉబ్బుతుంది, పైపూత కావాలి, వంపుల దగ్గర ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్షించాలి. ఈ పని కూడా పుల్లని నీటినీ క్షారపు నీటినీ బయటికి వదులుతుంది, వాటికి శుద్ధి కావాలి. కాని కొలత చిన్నది, పెట్టుబడి తక్కువ, ట్రేలు ఎన్నయినా పెంచుకోవచ్చు. రోజుకు పదివేల కాయలు కొట్టే యూనిట్లో కాయకు వంద మిల్లీలీటర్లు వేసుకున్నా వెయ్యి లీటర్ల శుభ్రమైన మేత. మహిళా సంఘాలు నడపగలిగిన పని ఇది. చిత్తూరు మామిడి గుజ్జు యూనిట్లలో గుజ్జు యంత్రం కడిగిన నీటికీ, కోనసీమ కొబ్బరికీ ఇదే దారి పనికొస్తుంది.

మిగిలిన దారులను క్లుప్తంగానే చెప్పవచ్చు. వ్యర్థజలం నుంచి నేరుగా కరెంటు తీసే సూక్ష్మజీవుల బ్యాటరీలు ఇంకా చిన్న దీపాల స్థాయి దాటలేదు. బ్యాక్టీరియాను పశువుల దాణాగా అమ్మాలన్న ఐసీఐ ప్రయత్నం 1980లలో సోయా ధర ముందు నిలవలేదు. ఇప్పుడు బెంగళూరులోని స్ట్రింగ్ బయో మీథేన్ తినే బ్యాక్టీరియాతో ప్రొటీన్ చేస్తోంది. బయోగ్యాస్ సరిపడా పోగయిన చోట అదొక ఆలోచన.

నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. అక్కడ ఫ్రీస్‌లాండ్ కంపినా పాల ఫ్యాక్టరీ నీటిని శుద్ధి చేసే బ్యాక్టీరియా గుళికల నుంచి ‘కౌమెరా’ అనే జిగురు తీసే కేంద్రం 2019లో మొదలైంది. ప్రపంచంలో ఇదే మొదటిది. ఎరువుల పైపూతకూ కాంక్రీటు పైపొరకూ ఆ జిగురు పనికొస్తుంది. ఆ పాల నీటిని ఊరి మురుగుతో కలపకుండా విడిగా తెచ్చి విడిగా శుద్ధి చేస్తారు. ఇన్ని దేశాల ఇన్ని ప్రయత్నాల్లో నాకు కనిపించిన ఉమ్మడి సూత్రం అదే. వేగెల్‌లో చాక్లెట్ నీరు, కేరళలో కొబ్బరి నీరు, జుట్‌ఫెన్‌లో పాల నీరు అన్నీ మురుగు కాకముందే పట్టుకున్నవి.

మన ఫ్యాక్టరీల్లో జరిగేది దీనికి వ్యతిరేకం. డెయిరీలో పైపులు, ట్యాంకర్లు కడిగే క్రమం చూడండి. మొదట ఉత్త నీళ్లు, తర్వాత వేడి కాస్టిక్, మళ్లీ నీళ్లు, తర్వాత నైట్రిక్ ఆమ్లం, చివర మళ్లీ నీళ్లు. మొదటి కడుగు తెల్లగా వస్తుంది, పోయే పాలలో ఎక్కువ భాగం అందులోనే ఉంటుంది. అది బ్యాక్టీరియాకు మంచి మేత. ఆ వెనకే కాస్టిక్, ఆమ్లం, సబ్బు అదే కాలువలో వచ్చి కలుస్తాయి. అయిదు నిమిషాల్లో మేత మురుగవుతుంది. మామిడి యూనిట్లోనూ అంతే. కాయ కడిగిన నీటిలో మట్టి, పురుగుమందుల మరకలు ఉంటాయి, యంత్రం కడిగిన నీటిలో చక్కెర ఉంటుంది, రెండూ ఒకే గుంటలోకి పోతాయి. బియ్యం మిల్లులో వడ్లు నానిన నీటికీ బూడిద కడిగిన నీటికీ కాలువ ఒకటే.

దీన్ని విడదీయడానికి కొత్త బ్యాక్టీరియా అక్కర్లేదు. రెండో పైపు, ఒక కవాటం, మీట తిప్పే మనిషికి కాస్త శిక్షణ చాలు. పరిశోధనకు వచ్చే నిధుల్లో కొంత ఈ పైపులకు మళ్లించాలని నేను వాదిస్తాను. జన్యువులు మార్చిన కొత్త రకం కన్నా అది ఎక్కువ ఫలితమిస్తుంది.

బురద సంగతి మరవకూడదు. 2015 జనవరి చివర్లో ఒక రాత్రి రాణిపేట సిడ్కో పారిశ్రామికవాడలో శుద్ధి కేంద్రపు బురద తొట్టె గోడ కూలి, పక్కన నిద్రపోతున్న పదిమంది కార్మికులు చనిపోయారు. నీరు శుభ్రమైందని కాగితం మీద రాసుకున్నప్పుడు ఆ మలినం ఎక్కడికో పోదు, బురదలోకి చేరుతుంది. బ్యాక్టీరియాతో సరుకు చేసే ప్రతి పద్ధతీ చివర ఏ బురద మిగులుతుంది, ఎంత, దాన్ని ఎక్కడ పెడతారు అన్నది మొదటి పేజీలోనే చెప్పాలి. చెప్పని పథకానికి అనుమతి ఇవ్వకూడదు.

వేలూరు, సేర్కాడు, చిత్తూరు, తిరుపతి ప్రయోగశాలల్లో పనిచేసే పిల్లలకు ఒక మాట. ఈ రంగంలో వచ్చే వ్యాసాల్లో చాలా వాటికి ఆధారం నిజమైన వ్యర్థజలం కాదు, గ్లూకోజు, లవణాలు కలిపి గదిలో తయారుచేసుకున్న నీరు. అందులో వెన్న ఉండదు, కాస్టిక్ ఉండదు, ఆదివారం ఫ్యాక్టరీ ఆగిపోవడం ఉండదు. ఆరణి మిల్లు గుంటలో నీరు, గుడియాత్తం కొబ్బరి అంగట్లో పారబోసే నీరు డబ్బాల్లో పట్టుకెళ్లి పని చేయండి. శాతం తగ్గినా ఆ అంకె ఊరికి పనికొస్తుంది.

ఫ్యాక్టరీలు నడిపేవారికి నా విన్నపం ఇంకా చిన్నది. వచ్చే మామిడి కాలం మొదలవకముందే మీ ఆవరణలో ఒక్కో కాలువ నీటినీ విడివిడిగా సీసాల్లో పట్టి సీఓడీ, ఉప్పు కొలిపించండి. ఏ కాలువలో తిండి పోతోందో, ఏ కాలువలో రసాయనం పోతోందో ఒక్క కాగితం మీద రాసుకోండి. ఏ పద్ధతి ఎంచుకోవాలన్న నిర్ణయం ఆ కాగితం చేతికొచ్చాకే తీసుకోండి.